పట్టిన పాము ఇంట్లో ఉందా? ఫారెస్ట్ వాళ్లు వచ్చేదాకా ఇలా చూసుకోండి

గుణుపురంలో మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు పెరట్లో కోళ్ల జాలీ బోనులో ఒక జెర్రిపోతు కనిపించింది. నూర్పుళ్లప్పుడు గడ్డివాము కింద దొరికితే మా మేనల్లుడు పట్టి తెచ్చాడట. అప్పటికి తొమ్మిది రోజులైంది. "మావయ్యా, గుడ్డు పెట్టాను, పాలు పోశాను, కప్పను కూడా వేశాను. ఏదీ ముట్టుకోవట్లేదు" అన్నాడు. వాడికి దాని మీద నిజంగానే ప్రేమ. బడి నుంచి రాగానే బోను దగ్గరే కూర్చునేవాడట. నేను వంగి చూస్తే దాని ముట్టె మీద పొలుసులు లేవు. బయటికి దారి వెతుక్కుంటూ ఇనుప జాలీకి రాసుకుని రాసుకుని పై పెదవంతా ఒరుసుకుపోయింది. ఎర్రగా పచ్చిపుండు, దాని మీద ఈగ. ఫోన్ చేస్తే ఫారెస్ట్ వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. పుండు నోటి లోపలికి పాకిందనీ, మూడో రోజున చచ్చిపోయిందనీ తర్వాత చెప్పారు.

వాడు దాన్ని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఆకలితో మాడ్చాలనీ అనుకోలేదు. ఎలా చూసుకోవాలో తెలియక చంపాడు. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్నవాళ్లకీ, అటు మహారాష్ట్రలో సిరొంచ, అహేరి, బల్లార్పూర్ వైపు ఉన్న మనవాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పొలంలోనో అడవిలోనో పట్టిన పామును పెంచుకోవడం కుదరదు. చట్టం ఒప్పుకోదు, పాము అసలే ఒప్పుకోదు. మన చేతిలో ఉండేది కొన్ని గంటలు. ఆ కొన్ని గంటలు దాన్నీ, ఇంట్లోవాళ్లనూ క్షేమంగా ఎలా ఉంచాలన్నదే ఇక్కడి విషయం.

ముందు చేతులు వెనక్కి తీసుకోండి

పాము ఇంకా బయటే తిరుగుతుంటే పట్టొద్దు. పిల్లల్నీ కోళ్లనూ కుక్కనూ లోపలికి పంపి, ఒక మనిషి ఆరేడు అడుగుల దూరంలో నిలబడి అది ఎటు వెళ్తుందో చూస్తుంటే చాలు. గదిలో ఉంటే తలుపు మూసి, కింద సందులో పాత చీర కుక్కండి. ఫోన్ చేశాక మీ పని కాపలా ఒక్కటే.

ఇప్పటికే ఎవరో పట్టి డబ్బాలోనో బస్తాలోనో పెట్టేసి ఉంటే దాన్ని విషప్పాము అనుకునే మిగతా పనులన్నీ చేయండి. "ఇది కరవదులే" అని ఎవరు చెప్పినా సరే.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మన వైపు పిల్లలు ఎక్కువగా పొరబడేది కొండచిలువ పిల్ల దగ్గరే. గోధుమరంగు ఒళ్లు, ముదురు మచ్చలు, మందకొడి నడక చూసి కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తుకుంటారు. అది రక్తపింజర పిల్ల కావచ్చు. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. వేసవి చివర, తొలకరి రోజుల్లో ఒక్కో ఈతలో ఇరవై, ముప్పై పిల్లలు కూడా పుడతాయి. పుట్టిన రోజు నుంచే వాటికి కోరలూ విషమూ ఉంటాయి. రక్తపింజర ఒంటి మీద గుండ్రటి మచ్చలు గొలుసులా మూడు వరుసల్లో పోతాయి. కొండచిలువవి వంకరటింకర పెద్ద మచ్చలు. కదిలిస్తే రక్తపింజర ప్రెషర్ కుక్కర్ విజిల్ ముందు బుసలాగా పెద్దగా బుసకొడుతుంది. ఇదంతా పగటి వెలుతురులో, దూరం నుంచి, తీరిగ్గా చూసినప్పటి మాట. సాయంత్రం చీకట్లో, టార్చి వెలుగులో, నలుగురు అరుస్తుండగా ఎవరికీ మచ్చలు లెక్కపెట్టేంత నిదానం ఉండదు.

కట్లపాముతోనూ ఇదే చిక్కు. విషం లేని ఊల్ఫ్ స్నేక్ ఒంటి మీద కూడా తెల్లటి పట్టీలే ఉంటాయి. ఊల్ఫ్ స్నేక్‌కు పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి, కట్లపాముకు మెడ దగ్గర పల్చగా ఉండి తోక వైపు తేటపడతాయి. పుస్తకంలో బొమ్మ చూస్తే తేలిగ్గానే అనిపిస్తుంది. గోడ మీద పాకుతున్న జానెడు పిల్లలో చూసి చెప్పండి చూద్దాం.

ఉన్న డబ్బాలోంచి వేరే డబ్బాలోకి మార్చొద్దు

పాములు పట్టేవాళ్లకు కూడా కాట్లు పడే సమయం ఇది: సంచిలోకి వేసేటప్పుడు, సంచిలోంచి తీసేటప్పుడు. అందుకే మీరు మార్చకండి. ఉన్నదాన్ని ఉన్నట్టే ఇంకో గట్టి పాత్రలో పెట్టండి. గుడ్డసంచిలో ఉంటే సంచితో సహా మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములోకి దించండి. సంచిని ముడి పైభాగంలో, చీపురు కర్రకు తగిలించి ఎత్తాలి. గుడ్డ మీంచి కూడా పాము కోర దిగుతుంది. భుజాన వేసుకున్నా, ఒళ్లో పెట్టుకున్నా ప్రమాదమే.

యూరియా బస్తాలో వేసి ఉంటే ఆ సంగతి ఫోన్లో ముందే చెప్పండి. ఎరువు, పురుగుమందు అంటుకున్న సంచుల్లో పాము ఎక్కువసేపు ఉండకూడదు, వాళ్లు త్వరగా రావాలి. మూత బిగించిన చిన్న సీసాలో ఉన్నా అదే మాట. మీరు మాత్రం మూత తీయొద్దు. పాములకు మనకంత గాలి అక్కర్లేదు, పెద్ద డ్రమ్ములో ఉన్న గాలి కొన్ని గంటలకు సరిపోతుంది.

వలలో చిక్కుకున్న పాము సంగతి వేరు. చేపల వల, తోటకు కట్టిన నైలాన్ వల పొలుసుల కిందికి కోసుకుపోయి ఉంటాయి. లాగితే చర్మం లేచివస్తుంది. పాము చుట్టూ ఒక గజం వల వదిలి బయటి వైపు కత్తిరించి, మిగతాది వచ్చేవాళ్లకు వదిలేయండి. దాని తల ఎటు ఉందో మీకు కనబడకపోతే ఆ కత్తిరింపు కూడా వద్దు.

ఊళ్లో యువజన సంఘమో, పంచాయతీయో ముందే ఒక డ్రమ్ము సిద్ధంగా ఉంచుకుంటే చాలా మేలు. రంధ్రాలు లోపలి నుంచి బయటికి పొడవండి. బయటి నుంచి పొడిస్తే అంచులు లోపలికి ముళ్లలా లేచి పాము ముట్టెను చీరేస్తాయి. రంధ్రం పెన్సిల్ కన్నా సన్నగా ఉండాలి, కట్లపాము పిల్ల పెన్సిలంత సందులోంచి జారిపోతుంది. అడుగున పాత నూలుగుడ్డ పరవండి. ఇనుప జాలీ మాత్రం ఏ పాముకూ వద్దు. దాని ఫలితం మా అక్క వాళ్ల పెరట్లో చూశాను.

చెన్నై దగ్గర వడనెమ్మెలిలో పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది. 1978లో మొదలైంది. ప్రభుత్వ అనుమతితో అడవి పాముల్ని కొన్ని వారాలు ఉంచుకుని, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. వాళ్లు పాముల్ని ఉంచేది మట్టికుండల్లో. మూతికి నూలుగుడ్డ కట్టి నీడలో వరసగా పెడతారు. కుండ లోపల చీకటి, చల్లదనం, గుడ్డలోంచి గాలి. తరతరాలుగా పాములతో బతికిన మనుషులు ఎంచుకున్న గది అది. అద్దాల పెట్టె కాదు, జాలీ బోనూ కాదు.

ఎక్కడ పెట్టాలి

ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే సగం పని అయినట్టే. పాము ఒంట్లో సొంత వేడి ఉండదు, చుట్టూ ఉన్న వేడే దాని వేడి. బయట ఉంటే ఎండైతే నీడకూ, చలైతే ఎండకూ పోతుంది. డబ్బాలో ఆ దారి మూసేశాం. చంద్రపూర్ వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో రేకుల కప్పు కింద మూత వేసిన ప్లాస్టిక్ డ్రమ్మును అరగంట పెట్టినా లోపలి ప్రాణం మిగలదు. బండి డిక్కీ, ఆటో వెనక సీటు కింద కూడా అంతే. కోరాపుట్ వైపు మార్గశిరం, పుష్య మాసాల్లో రాత్రిపూట సిమెంటు నేల మంచుగడ్డలా ఉంటుంది, అప్పుడు డ్రమ్ము కింద రెండు గోనెసంచులు పరవండి.

మనిషికి చొక్కా మీద హాయిగా ఉండే చోటే దానికీ హాయి. నీడ, పొడినేల, మనుషుల అలికిడి లేని గది. టీవీ, మోటారు, పిండిమర పక్కన వద్దు, నేల అదిరితే దాని ఒళ్లంతా తెలుస్తుంది. డ్రమ్ము మీద ముదురురంగు దుప్పటి కప్పండి. చీకటి పడగానే చాలా పాములు కొట్టుకోవడం ఆపేసి చుట్టలు చుట్టుకుని పడుకుంటాయి. మూత మీద బరువు పెట్టి, "పాము ఉంది, తెరవొద్దు" అని తెలుగులో, ఒడియాలో రాసి అంటించండి. పనిమనిషో, పక్కింటి పిల్లాడో ఏముందోనని తెరిచే వీలుంది.

తీసి చూపించమని చుట్టాలు వస్తారు. ఫోన్లో వీడియో కావాలంటారు. ఎవరికీ చూపించొద్దు. కొత్తగా పట్టిన పాముకు మనిషి ముఖం కనిపించిన ప్రతిసారీ ప్రాణభయమే.

తిండీ నీళ్లూ

తిండి పెట్టొద్దు. గుడ్డు వద్దు, కప్ప వద్దు, ఎలుక వద్దు. ఆరోగ్యంగా ఉన్న పాము వారాల తరబడి తినకుండా ఉండగలదు. భయంలో ఉన్నది తినదు, తిన్నా కక్కేస్తుంది. పొట్ట దగ్గర ఉబ్బెత్తుగా ఉంటే అప్పుడే ఏదో మింగిందన్నమాట. అలాంటిదాన్ని కదిపితే కక్కుతుంది, దాంతో ఇంకా నీరసపడుతుంది. బతికున్న ఎలుకను డబ్బాలో వేస్తే ఎలుకే పామును కొరికేస్తుంది.

పాలు అసలే వద్దు. నాగులచవితికి మనం పుట్టలో పోసేవి పాలే కాబట్టి ఈ మాట కొంతమందికి కష్టంగా ఉంటుంది. పుట్టకు దండం పెట్టుకోవడం వేరు, పాము నోట్లో పాలు పోయడం వేరు. పాముకు పాలు అరగవు. పాములవాళ్లు రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఉంచి తెస్తారు, దాహానికి అది ఏది దొరికితే అది తాగుతుంది. వాళ్ల బుట్టలోని పాముకు కోరలు పీకేసి ఉంటారు, కొన్నిటికి నోరు కుట్టేసి ఉంటారు. జాలిపడి అలాంటిదాన్ని డబ్బులిచ్చి కొనొద్దు. ఒకటి కొంటే ఇంకొకటి పట్టుకొస్తారు. ఫారెస్ట్ వాళ్లకు చెప్పండి.

నీళ్ల మాటకొస్తే, మూత తీయాల్సి వస్తుందంటే నీళ్లు కూడా వద్దు, ఒక పూటకు ఏమీ కాదు. వేసవిలో వాళ్లు రావడం ఆలస్యమైతే గాలి రంధ్రాల మీంచి చేత్తో నాలుగు చుక్కలు చిలకరించండి.

ఒంటి మీద గోమార్లు కనిపిస్తే పీకొద్దు. గాయం ఉంటే పసుపు, కిరోసిన్, ఫినాయిల్ రాయొద్దు. కళ్లు పాలలా నీలిరంగు పొర కమ్మి ఉంటే గుడ్డిది అనుకోకండి, కుబుసం విడవబోతోంది, అంతే. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర నురగ బుడగలు వస్తున్నా జబ్బుతో ఉందని ఫోన్లో చెప్పండి, వెటర్నరీ డాక్టరు చూడాలి.

ఎవరికి, ఏమని చెప్పాలి

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2022లో సవరించారు, ఆ సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఆ చట్టంలో వేట అంటే చంపడమొక్కటే కాదు, పట్టుకోవడం కూడా వేటే. జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజర, కొండచిలువ, అన్నీ దాని కిందికి వస్తాయి. కొండచిలువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, జరిమానా 25 వేలకు తగ్గదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. అదే చట్టంలో 39వ సెక్షన్ ఒక దారి ఇచ్చింది: అడవి జంతువు ఎలాగైనా మీ చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోనో, అధికారికో చెప్పాలి, అడిగితే అప్పగించాలి. పిల్లాడు తెలియక పట్టి తెచ్చాడని మీ అంతట మీరే ఫోన్ చేయడం వేరు, దాచిపెడితే బయటపడడం వేరు. మా మేనల్లుడి సంగతిలో తొమ్మిది రోజులు దాటినా ఆ వచ్చిన గార్డు కోప్పడలేదు, పక్కన కూర్చోబెట్టుకుని పుండు చూపించి చెప్పాడు.

మహారాష్ట్ర వైపు అటవీ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1926. ఒడిశాలో మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసు నంబరు ముందే ఫోన్లో ఎక్కించుకోండి, దొరక్కపోతే 112కి చేసి చెప్పండి. మహారాష్ట్రలో పాములు పట్టేవాళ్లను సర్పమిత్ర అంటారు. ఎవరొచ్చినా అటవీ శాఖకు తెలిసి వచ్చారా అని అడగండి.

తొందర్లో భాష తడబడుతుంది కాబట్టి రెండు వాక్యాలు: ఒడియాలో "ఆమ ఘరే సాప అఛి", మరాఠీలో "ఘరాత్ సాప్ ఆహే". పేర్లు కూడా తెలుసుకోండి. మన నాగుపాము ఒడియాలో గోఖర, కట్లపాము చితి, రక్తపింజర బోడా, జెర్రిపోతు ధమణ. మరాఠీలో వరసగా నాగ్, మణ్యార్, ఘోణస్, ధామణ్. చిన్న పింజరను ఫుర్సే అంటారు, రెండుతలల పామును మాండూళ్ అంటారు. కచ్చితంగా తెలియకపోతే పేరు చెప్పొద్దు, దూరం నుంచి తీసిన ఫొటో పంపండి.

పర్లాకిమిడిలో దొరికిన పామును పాతపట్నంలో తెలిసినవాళ్లున్నారని సంచిలో వేసుకుని సరిహద్దు దాటించొద్దు. ఏ రాష్ట్రంలో దొరికిందో అక్కడి ఫారెస్ట్ వాళ్లకే ఇవ్వాలి. చెక్‌పోస్టులో సంచి విప్పిస్తే మీరు సాయం చేయబోయారని ఎవరూ అనుకోరు.

ముఖ్యంగా రెండుతలల పాము విషయంలో. దానికి రెండు తలలు లేవు, తోక మొండిగా తలలా ఉంటుంది, శత్రువు తోకను తల అనుకుని పొరబడాలని. దాన్ని ఇంట్లో ఉంచుకుంటే లక్ష్మి వస్తుందని, ఇంత బరువుంటే లక్షలు పలుకుతుందని చెప్పేవాళ్లు తిరుగుతుంటారు. బరువు పెంచడానికి దాని కడుపులోకి ఏవేవో ఎక్కిస్తారు. మట్టిలో ఎలుకల్ని తింటూ బతికే మెత్తటి జీవం అది. ఎవరైనా బేరానికి వస్తే ఆ సంగతి కూడా అదే ఫోన్లో చెప్పండి.

కాటు పడితే

విషం ఉందా లేదా అని ఆలోచించొద్దు. 108కి చేసి జిల్లా ఆసుపత్రికి బయల్దేరండి, అంబులెన్స్ ఆలస్యమైతే దొరికిన బండి మీద. ఉంగరాలు, గాజులు, కడియాలు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. కరిచిన చేయినో కాలినో విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర దన్ను పెట్టి కదలకుండా ఉంచండి. తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. గుణియా దగ్గరికి, మంత్రగాడి దగ్గరికి వెళ్లి పోగొట్టుకున్న గంట మళ్లీ రాదు. పాము కోసం వెతకొద్దు, చంపి తీసుకెళ్లొద్దు.

కట్లపాము కాటు చీమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతుంటే గాటు కనిపించకపోయినా పాముకాటు అనే అనుకుని తీసుకెళ్లండి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ కలిపి తయారైనది. ఆ విషంలో ఎక్కువ భాగం ఆ ఇరుళవాళ్ల కుండల్లోంచే వస్తుంది.

అప్పగించాక

ఎక్కడ పట్టారో, ఎప్పుడు పట్టారో, ఏమైనా తినిపించారో దాచకుండా చెప్పండి. పట్టిన చోటు తెలిస్తే దానికి దగ్గర్లోనే వదులుతారు. దూరంగా ఎక్కడో కొండల్లో వదిలేయమని మనవాళ్లు బతిమాలుతుంటారు. తెలియని చోట దాక్కునే కన్నం, నీళ్లు, తిండి ఎక్కడున్నాయో తెలియక తిరిగి తిరిగి పాము చచ్చిపోతుంది. జెర్రిపోతుకు మన పొలం గట్టే ఊరు, మన ధాన్యం తినే ఎలుకే తిండి.

వాళ్లు వెళ్లాక డ్రమ్మును సబ్బుతో కడిగి ఎండలో బోర్లించండి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. పాము రెట్టలో కడుపు జబ్బు తెచ్చే సూక్ష్మక్రిములు ఉంటాయి, వంటింటి సింకులో మాత్రం కడగొద్దు.

పిల్లలకు నిజంగా పాములంటే ఇష్టముంటే వదిలేటప్పుడు చూడనిస్తారా అని గార్డును అడగండి. ఈ ఏడాది మా మేనల్లుడు అలాగే వెళ్లాడు, ఇంకొకరి ఇంట్లో దొరికిన జెర్రిపోతు అది. వంశధార పక్క కాలువ గట్టు మీద సంచి మూతి విప్పి గార్డు వెనక్కి తప్పుకున్నాడట. చాలాసేపు ఏమీ బయటికి రాలేదట. తర్వాత నాలుక ఒక్కటి కనిపించి, తల వచ్చి, మిగతాదంతా ఒక్కసారిగా తుంగలోకి పోయిందట. "ముట్టె నున్నగా ఉంది మావయ్యా" అని ఫోన్ చేసి చెప్పాడు.